మన స్నేహితుడి ఇల్లు

మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరి, భోజనాలయ్యాక కబుర్లలో పడితే, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఇంటి మీదికే వస్తుంది. ఇల్లంటే ఇక్కడి ఇల్లు కాదు. పెంకుటిల్లు, అరుగు, పెరడు, నుయ్యి. కాస్త చెవిపెట్టి వింటే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. చాలామంది చెప్పేది తమ సొంత ఇంటి గురించి కాదు, చిన్నప్పటి స్నేహితుడి ఇంటి గురించి. "మా ఫ్రెండు వాళ్ళింట్లో ఇంత పెద్ద మండువా ఉండేదండీ" అంటూ రెండు చేతులూ చాపి మరీ చూపిస్తారు.

దీనికి కారణం లేకపోలేదు. సొంత ఇంట్లో మనకి పనులుండేవి, తిట్లుండేవి, సాయంత్రమయ్యేసరికి ఎక్కాలు అప్పజెప్పడం ఉండేది. స్నేహితుడి ఇంట్లో ఆ బాధలేవీ లేవు. వెళ్ళగానే అరిసె ముక్కో, బెల్లం ముక్కో చేతిలో పెట్టేవారు. అన్నం వేళైతే ఇంకో విస్తరాకు వేసేవారు. అక్కడి పులుసు మన ఇంటి పులుసులా ఉండేది కాదు; దేవుడి గదిలో పటాలు కూడా వేరే ఉండేవి. లోకంలో ఇళ్ళన్నీ మన ఇల్లులా ఉండవని మొట్టమొదట తెలిసింది అక్కడే. ఒక రకంగా మనం చేసిన మొదటి విదేశయాత్ర అదే. చుట్టంగా చూసిన ఇల్లు కనకనే అది మన మనస్సులో అంత అందంగా నిలిచిపోయింది. చుట్టానికి ఇంటివాళ్ళ మర్యాద కనిపిస్తుంది గాని, ఇంటి జమాఖర్చు కనిపించదు గదా.

ఆ జమాఖర్చు కాస్త తిరగేసి చూద్దామనే ఈ వ్యాసం. ఇళ్ళు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క తీరు. రాయలసీమ మిద్దె వేరు, తెలంగాణ భవంతి వేరు, శ్రీకాకుళం వైపు చుట్టిల్లు వేరు. అన్నిటినీ ఒక్కచోట చెప్పడం కుదరదు గనక, మనలో చాలామంది తలుచుకునే గోదావరి డెల్టా మండువా లోగిలిని మాత్రమే తీసుకుంటున్నాము.

ముందుగా, చూడని పిల్లల కోసం, ఆ ఇంటి రూపం చెప్పాలి. వీధి వైపు రెండు అరుగులు, నడుమ మెట్లు, సింహద్వారం. గడప దాటితే వసారా, అది దాటితే మండువా. మండువా అంటే ఇంటి నడిబొడ్డున కప్పు లేని చోటు. నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది, నడుమ ఆకాశం కనిపిస్తుంది. వాన వస్తే నాలుగు చూరుల నీళ్ళూ అక్కడే పడి, తూము గుండా బయటికి పోతాయి. చూరు కింద గంగాళాలు పెట్టి ఆ నీళ్ళు పట్టేవారు. నూతి నీళ్ళకంటె వాన నీళ్ళలో పప్పు బాగా ఉడుకుతుందని. మండువా చుట్టూ స్తంభాలు, సావిళ్ళు, వాటి వెనక గదులు. పడమటింట్లో భోషాణం, పందిరి మంచం. వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు, నుయ్యి, పశువుల పాక, గడ్డిమేటు. కరెంటు లేని రోజుల్లో అంత పెద్ద ఇంటికి గాలీ వెలుతురూ రావాలంటే నడుమ కప్పు తెరిచి ఉంచడమే ఉపాయం. వేడిగాలి పైకి పోయేది, సావిళ్ళ నీడలో చల్లగా ఉండేది. మనం వైకుంఠపాళీ ఆడిందీ, ఎండాకాలం మధ్యాహ్నాలు మాగాయ ముక్కల దగ్గర కూర్చుని కాకుల్ని తోలిందీ ఆ సావిట్లోనే.

ఇలాంటి ఇళ్ళు అనాదిగా ఉన్నాయని పిల్లలకి చెబుతూంటాం. మండువా కట్టే పద్ధతి పాతదే కావచ్చు. కాని డెల్టా పల్లెల్లో ఇంతమంది ఇంతింత లోగిళ్ళు కట్టుకోగలగడం మాత్రం అనాది సంగతి కాదు. 1832-33లో వచ్చిన నందన కరువు తెలుగు జిల్లాలను, ముఖ్యంగా గుంటూరు సీమను, అల్లకల్లోలం చేసింది. పక్కన గోదావరి నిండుగా పారుతున్నా ఆ నీళ్ళు సముద్రం పాలవుతూ ఉండేవి. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టారు. 1852లో అది పూర్తయింది. కాలువల వెంట నీళ్ళు వచ్చాయి, నీళ్ళ వెంట వరి వచ్చింది, అవే కాలువల్లో పడవల మీద ధాన్యం కాకినాడ రేవుకి పోయింది. ధాన్యం డబ్బయింది. ఆ డబ్బే మనం చెప్పుకునే స్తంభాలూ, దూలాలూ, చెక్కడపు గుమ్మాలూను.

కలప కొంత ఎగువ మన్యం నుంచి తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపేవారు. కొంత బర్మా టేకు, సముద్రం మీదుగా వచ్చింది. పైన మొదట్లో కూనపెంకు. తరవాత బంగాళా పెంకు. ఈ బంగాళా పెంకు పుట్టిల్లు అవతలి తీరంలోని మంగుళూరు. అక్కడ బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో పెంకుల కార్ఖానా పెట్టారు. అంటే, అచ్చంగా మన ఊరిదే అనుకున్న ఇంటికి బర్మా దూలాలు, మంగుళూరు పెంకుల తీరు, ఆనకట్ట నీళ్ళ డబ్బు. పరాయి ఊళ్ళతో పొత్తు లేని ఇల్లు కాదది.

బర్మా మాట వచ్చింది గనక ఇంకొకటి చెప్పాలి. కలప ఇటు వస్తే మనుషులు అటు వెళ్ళారు. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వేలాది మంది కూలీలు కాకినాడ, కోరంగి వంటి రేవుల్లో ఓడలెక్కి రంగూను వెళ్ళి, రేవు పనుల్లోను, బియ్యం మిల్లుల్లోను పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళనందరినీ "కోరంగీలు" అనేవారు. 1930 మేలో రంగూను రేవులో అల్లర్లు జరిగి తెలుగు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు మిగిలినవాళ్ళలో చాలామంది అడవుల గుండా కాలినడకన వెనక్కి బయలుదేరారు. దారిలో పోయినవాళ్ళెందరో. మనకంటె ముందు దేశం విడిచివెళ్ళిన తెలుగువాళ్ళు వీళ్ళు. వాళ్ళు మండువాల్లోంచి వెళ్ళినవాళ్ళు కారు. పూరి పాకల్లోంచి వెళ్ళినవాళ్ళు. ప్రవాసాంధ్రుల చరిత్ర మనతోనే మొదలైనట్టు మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక ఇంట్లో రోజు ఎలా గడిచేదో చూద్దాం. మనం వెళ్ళేసరికి ఇల్లు కడిగిన అద్దంలా ఉండేది. అద్దంలా ఎలా అయిందో మనం చూడలేదు. తెల్లవారుజామున, చీకటి విడకముందే, ఆడవాళ్ళు లేచేవారు. మరుగుదొడ్డి లేని రోజులు గనక చీకటి ఉండగానే వాళ్ళు బయటికి వెళ్ళి రావాలి. పొద్దెక్కితే మళ్ళీ చీకటి పడేదాకా ఆగాలి. ఆ తరవాత వాకిట్లో కళ్ళాపి, ముగ్గు, గడపకి పసుపు. నూతి గిలక చప్పుడు మొదలయ్యేది. తాగడానికి, వంటకి, స్నానాలకి, పశువులకి, అన్నిటికీ నీళ్ళు చేదతో తోడాల్సిందే. వేసవిలో కాలువలు కట్టేశాక నూతిలో నీళ్ళు అడుగంటితే తాడుకి ఇంకో బారెడు ముక్క కట్టేవారు.

పెరట్లో దాలిగుంటలో పిడకల సెగ మీద పాలు మధ్యాహ్నం దాకా కాగి ఎర్రబడేవి. ఆ మీగడ రుచి మనం మరిచిపోలేదు. కాని ఆ పిడకలు చేసి, గోడకి కొట్టి, ఎండాక ఏరి, వానకి తడవకుండా దాచిన చేతులెవరివో ఎవరికీ గుర్తుండదు. కవ్వంతో చల్ల చిలకడం, తిరగలి విసరడం, రోట్లో పచ్చడి నూరడం, సన్నికల్లు మీద చింతపండు మెత్తగా చేయడం, ఇవన్నీ రోజూ ఉన్నవే. మిల్లులు రాకముందు వడ్లు దంచడం వేరే పని. అందుకు వచ్చే ఆడకూలీలకి కూలి కూడా గింజలే. పొగ నిండిన వంటింట్లో గొట్టంతో పొయ్యి ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడినావిడే మనకి నవ్వుతూ వడ్డించింది. సాయంత్రం లాంతరు చిమ్నీలు ముగ్గుతో తుడిచి దీపాలు పెట్టేది ఇంటి ఆడపిల్లలు. మనతోపాటు బడికి వచ్చిన స్నేహితుడి చెల్లెలు ఆటకి ఎందుకు రాలేదో అప్పుడు మనకి తట్టలేదు.

ఏడాదికొక పెద్ద పని ఆవకాయ. కొత్తపల్లి కొబ్బరి కాయలు బండి మీద రావడం, ముక్కలు కొట్టడం, ఆవపిండి, కారం, ఉప్పు కొలవడం, పప్పునూనె పోసి జాడీలకు వాసెన కట్టడం. కొలతలన్నీ కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల, గిద్ద. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు అంగట్లోకి వచ్చాయి గాని వంటింట్లో మాత్రం చాలాకాలం సోలా గిద్దల రాజ్యమే సాగింది. ఇప్పటికీ ఇక్కడ బియ్యం కొలిచేందుకు ఒక సోల గిన్నె దాచుకున్న ఇళ్ళు మనవాళ్ళలో ఉన్నాయి.

ఆ ఆవకాయ కలిపే చెయ్యి చాలా ఇళ్ళలో మామ్మగారిదో, మేనత్తగారిదో. ఆవిడ మడి కట్టుకుని, తెల్లచీరతో, ఒంటిపూట భోజనంతో ఉండేది. బ్రాహ్మణ ఇళ్ళలో అయితే తల కూడా తీయించుకుని ఉండేది. చిన్నపిల్లగా పెళ్ళయి, కాపరానికి వెళ్ళకుండానే భర్త పోతే పుట్టింటికి తిరిగి వచ్చినావిడ. ఆమెకి లేని చాకిరీ లేదు, ఆమె పేరు మీద ఉన్న ఆస్తి లేదు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునని చట్టం 1856లోనే వచ్చింది. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం 1929లో వచ్చింది. రాజమండ్రికి కూతవేటు దూరంలో ఉన్న పల్లెల్లో కూడా, ఆ పెళ్ళి జరిగిన డెబ్బై ఏళ్ళ తరవాత, మన చిన్నతనాల్లో, ఆవిడ ఆ వంటింట్లో ఆ పీట మీదే కూర్చుని ఉంది. మనకి కథలు చెప్పింది, తరవాణిలో ఉప్పువేసి అన్నం కలిపి పెట్టింది. మనం ఆవిడ చేతి వంటని పొగుడుకుంటాం. ఆవిడ బతుకుని గురించి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇల్లంటే ఇంట్లోవాళ్ళే కాదు. పాలేరుకి ఏడాది జీతం ధాన్యంలోనే. చాకలికి, మంగలికి, కుమ్మరికి, వడ్రంగికి పంట ఇంటికి వచ్చినప్పుడు మేర కొలిచేవారు. డబ్బు చేతులు మారకుండానే పనులు జరిగిపోయేవి. అందుకే మనకి ఆ ఇల్లు ఖర్చు లేకుండా నడిచినట్టు కనిపిస్తుంది. ఖర్చు లేక కాదు, అది ఇంకొకరి కష్టంలో కలిసి ఉండడం వల్ల.

"మా స్నేహితుడి ఇంటి తలుపులు ఎప్పుడూ తెరిచే ఉండేవి" అని మనం గొప్పగా చెబుతాం. తెరిచి ఉన్న మాట నిజమే. కాని ఎవరికి ఎంతవరకు అన్న లెక్క ఒకటి ఉండేది. కొందరికి వంటింటి గడప దాకా, కొందరికి మండువా దాకా, కొందరికి అరుగు దాకా. ఊరి చివర పేట నుంచి బడికి వచ్చి మన బెంచీ మీదే కూర్చున్న మరో స్నేహితుడికి అరుగు కూడా లేదు. వీధిలో నిలబడి కేకేసేవాడు. అంటరానితనాన్ని రాజ్యాంగం 1950లో రద్దుచేసింది, అది నేరమని 1955లో చట్టం చేశారు. గుమ్మాలు మాత్రం ఆ చట్టాలను చాలా నెమ్మదిగా చదువుకున్నాయి. ఆ కుర్రవాడూ ఇప్పుడు పెద్దవాడై ఎక్కడో ఉంటాడు; బహుశా మనలాగే ఏ డాక్టరో, ఇంజనీరో అయి ఉంటాడు. అతన్ని కూర్చోబెట్టి ఇదే ఇంటి గురించి చెప్పమంటే మండువా ఊసు రాదు. అతను చూడని మండువాని అతనెలా తలుచుకుంటాడు? మన పిల్లలకి ఇంటి కథ చెప్పేటప్పుడు అతను చూసిన ఇల్లు కూడా అందులో ఉండాలి.

ఆ ఇల్లు మారకుండా ఏమీ లేదు. 1947లో చందమామ వచ్చింది. చిరుగులు పట్టేదాకా ఒక్క ప్రతినే వంతులవారీగా చదువుకున్నాం. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. రేడియో ఉన్న ఇంటి అరుగు మీద సాయంత్రానికి ఊరంతా చేరేది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చాక తీగలు మెల్లమెల్లగా పల్లెలకి పాకాయి, చిమ్నీలు తుడిచే పని తప్పింది. కిరసనాయిలు స్టవ్వు వచ్చింది, తరవాత ఎన్నాళ్ళకో గ్యాసు వచ్చింది. వచ్చిన ప్రతి వస్తువూ ముందుగా తేలిక చేసింది ఆడవాళ్ళ పనినే. మనం పాతకాలపు పొయ్యి పోయిందని బాధపడతాం గాని, ఆ పొయ్యి దగ్గర కూర్చున్నావిడ ఎవరైనా అలా బాధపడగా మేము వినలేదు.

మరి ఇల్లెందుకు పోయింది? ఎవరో పడగొట్టడం వల్ల కాదు. దాన్ని నిలబెట్టిన ఏర్పాట్లు ఒక్కొక్కటే కదిలిపోయాయి. అన్నదమ్ములు విడిపోయి మండువా మధ్యలో గోడ లేచింది. భూపరిమితి చట్టం వస్తుందన్న మాటకే కొన్ని కుటుంబాలు కాగితాల మీద విడిపోయాయి. 1973లో చట్టం రానే వచ్చింది. పాలేళ్ళు దొరకడం తగ్గింది, వాళ్ళ పిల్లలు బడికి వెళ్ళారు, వెళ్ళవలసిందే. ఏటేటా పెంకు సర్దడానికి మనుషులు లేక ఇల్లు కారింది. దూలాలు అమ్మి స్లాబు వేసుకున్నవాళ్ళున్నారు. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమలైంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ హక్కు వచ్చేసరికి చిమ్నీలు తుడిచిన చెల్లెలికి పంచుకోవడానికి చాలాచోట్ల లోగిలే మిగల్లేదు.

మన వంతు కూడా చెప్పుకోవాలి. కాకినాడలో ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది, రంగరాయ వైద్య కళాశాల 1958లో వచ్చింది. ఎకరమో రెండెకరాలో అమ్మి కొడుకుల్ని చదివించారు. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చి డాక్టర్లకి, ఇంజనీర్లకి దారి తెరిచింది. చదువుకున్న కొడుకులు విమానాలెక్కారు. ఇంట్లో ముసలివాళ్ళిద్దరు మిగిలారు, ఆ తరవాత ఒక్కరే మిగిలారు, చివరికి తాళం మిగిలింది. ఇప్పుడు కోనసీమలో నిలిచి ఉన్న కొన్ని లోగిళ్ళలో సినిమాలు తీస్తున్నారు. ఆ సినిమాలు చూసి మనం ఇక్కడ కళ్ళు తుడుచుకుంటున్నాం.

ఇదంతా చదివి, ఆ ఇంటి మీద ప్రేమని తుడిచేయమంటున్నామని ఎవరూ అనుకోవద్దు. అడక్కుండా ఇంకో విస్తరాకు వేసిన గుణం నిజమైనదే. మనం ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఊరూ పేరూ సరిగా తెలియని తెలుగు కుర్రాళ్ళని ఇంటికి పిలిచి పప్పూ అన్నం పెట్టినవాళ్ళు ఆ విస్తరాకు దగ్గర నేర్చుకున్నవాళ్ళే. స్తంభాలు తెచ్చుకోలేకపోయాం గాని ఆ ఒక్కటీ తెచ్చుకున్నాం. అయితే ఆ విస్తరాకులో అన్నం ఎక్కడినుంచి వచ్చిందో కూడా పిల్లలకి చెప్పాలి. ఉత్త అందమే చెబితే వాళ్ళు అది కథనుకుంటారు. ఆనకట్ట నీళ్ళు, పాలేరు చెమట, మామ్మగారి ఒంటిపూట భోజనం, వీధిలో నిలబడ్డ స్నేహితుడు, అన్నీ కలిపి చెబితే అది చరిత్ర అవుతుంది. వాళ్ళు అడిగే ప్రశ్నలకి కూడా అందులో చోటుంటుంది.

చివరిగా ఒక మాట. ఆ ఇంట్లో మనకి అన్నం పెట్టినావిడని మనం అత్తయ్యగారనో, పిన్నిగారనో పిలిచాం. ఊరివాళ్ళు ఫలానావారి కోడలనేవారు, తరవాత ఫలానావాడి తల్లి అన్నారు. ఆవిడ పేరేమిటి? మనలో చాలామందికి తెలియదు. పొలం దస్తావేజుల్లో లేదు, బడి రిజిస్టరులో లేదు. బడిలో తండ్రి పేరే రాసుకునేవారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అందుచేత మన సభ్యులకి మా మనవి ఇది: మీ స్నేహితుడి ఇంటి గురించి ఒక పేజీ రాసి పంపండి. ఏ ఊరు, ఎవరు కట్టించారు, కరెంటు ఏ ఏడు వచ్చింది, ఎప్పుడు పంచుకున్నారు, నీళ్ళు ఎవరు తోడేవారు. అన్నిటికంటె ముందు, మొదటి పంక్తిలో, వాళ్ళమ్మగారి పేరు, ఆవిడ పుట్టింటి ఊరి పేరు రాయండి. తెలియకపోతే స్నేహితుడికి ఫోను చేసి కనుక్కోండి. ఆ వంకనైనా ఇన్నేళ్ళకి అతనితో మాట్లాడినట్టవుతుంది.